మూడు దేశాల ఆవ తిన్న చిన్నప్ప

అమీర్‌పేటలో చిన్నప్ప పేరు తెలియని ఇల్లు లేదు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, ఆవాలు. పిచ్చి అంటే పోపులో నాలుగు గింజలు ఎక్కువ వేసుకోవడం కాదు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. నేరుగా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెవి ఒగ్గేవాడు. లోపల ఆవాలు చిటపటమనగానే కళ్లు మూసుకుని వేళ్లు మడిచేవాడు. ఆ చిటపటలు తనకు నచ్చినంత సేపు సాగితే "శెభాష్" అనేవాడు. ముందే ఆగిపోతే ఆ ఇంటివాళ్ల ఏడు తరాల వంటను కడిగిపారేసేవాడు. నల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక ఇత్తడి చెంచా ఉండేది. బైబిలు మరిచిపోయి చర్చికి వెళ్లిన రోజులున్నాయి గాని చెంచా మరిచిపోయి గడప దాటిన రోజు లేదు.

పెళ్లిళ్లకు ఆయనను పిలవకపోతే కోపం, పిలిస్తే ఇంకా కష్టం. ఒకసారి పెళ్లికొడుకు తండ్రి చేతులు నలుపుకుంటూ వచ్చి, "చిన్నప్పన్నా, పిల్ల ఎట్లున్నది?" అని అడిగాడు.

"పిల్ల సంగతి నాకెర్క లేదు గని, చారుల ఆవాలు పచ్చిగున్నయి" అన్నాడు చిన్నప్ప.

ఆ మాట పందిరంతా పాకి, వంటవాళ్ల దాకా వెళ్లి, గరిటెలు పైకి లేచి, చివరికి పెళ్లికొడుకే లేచి నిలబడి అందరినీ శాంతపరచాల్సి వచ్చింది.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో రాలేదు. బిలాతులో అంటుకుంది. చిన్నప్ప ఒక రైల్వే ఇంజినీరు దొర దగ్గర వంటమనిషి. 1931లో దొర తన దేశం వెళుతూ చిన్నప్పను వెంట తీసుకుపోయాడు. లండన్‌లో దిగిన నెల రోజులకే చిన్నప్ప నాలుక చచ్చిపోయింది. ఉడికించిన ఆలుగడ్డ, ఉడికించిన గోబీ, ఉడికించిన మాంసం. ఆ ఇంట్లో వంట ఆయన చేతిలో లేదు. దొరగారి తల్లి చేతిలో ఉంది. ఆమెకు ఉప్పు అంటే కూడా కాస్త భయమే.

ఒక ఆదివారం బల్ల మీద, మాంసం పక్కన, చిన్న పింగాణీ గిన్నెలో పసుపుపచ్చగా ముద్దగా ఏదో కనిపించింది. చిన్నప్ప గుండె ఆగినంత పనయింది. ముద్దపప్పు! ముసలమ్మ తన మీద జాలిపడి పప్పు వండింది కాబోలు అనుకున్నాడు. దొరలు భోజనం ముగించి లేవగానే గిన్నె వంటింట్లోకి తెచ్చుకుని, తనకోసం వండుకున్న అన్నంలో మొత్తం గుమ్మరించి, నెయ్యి లేదు కదా అని వెన్న వేసి, పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి సంగతి ఆయన నోటితోనే వినాలి.

"ముందుగాల ఏం కాలే. పప్పుల ఉప్పు తక్కువైందనుకున్న. గంతల ముక్కులకెల్లి నెత్తి మీదికి రైలింజను పోయింది. సీటీ కొట్టుకుంట పోయింది. మా నాయిన కనవడ్డడు, మా తాత కనవడ్డడు, వాళ్ల ఎనక ఇంకెవరో తెల్వనోళ్లు సుత కనవడ్డరు."

ముసలమ్మ వచ్చి చూసేసరికి చిన్నప్ప నేల మీద చతికిలపడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఇల్లు జ్ఞాపకం వచ్చిందేమోనని ఆమె వీపు నిమిరి, తన చేతిగుడ్డ ఇచ్చింది. చిన్నప్ప కళ్లు తుడుచుకుని, ముక్కు తుడుచుకుని, "ఇంకో గిన్నె ఉన్నదా అమ్మా?" అని అడిగాడు.

అక్కడితో జీవితం మారిపోయింది. బిలాతులో ఉన్న మూడేళ్లూ దొర వంతెనలు చూస్తే చిన్నప్ప ఆవలు చూశాడు. ఇంగ్లండులో పొడి ఆవ, నీళ్లు కలిపితే గాని కోపం రానిది. దొర వెంట ఫ్రాన్సు వెళితే అక్కడ పులిసిన ద్రాక్షరసపు సిర్కా పోసి నూరిన మెత్తని ఆవ. జర్మనీ వెళితే తీపి కలిపిన ఆవ. ప్రతి ఊళ్లో పూటకూళ్ల ఇంటి వెనక వాకిట్లోకి దూరి, సైగలతో మాట్లాడి, చెంచాడు నాకి, గుర్తుపెట్టుకుని వచ్చాడు. తిరిగి ఓడ ఎక్కేటప్పుడు అందరూ బట్టలూ గడియారాలూ తెచ్చుకుంటే ఆయన పదకొండు సీసాలు తెచ్చుకున్నాడు. బొంబాయి రేవులో సుంకంవాడు ఒక సీసా మూత తీసి వాసన చూసి, మిగిలిన పదీ చూడకుండానే పంపించేశాడు.

ఆ మూడు ఆవల తీర్పు అమీర్‌పేటలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

"ఇంగ్లీషు ఆవ రాజు" అనేవాడు చిన్నప్ప. "తుపాకులు పేల్పించుకుంట వస్తడు, నిమిషంల ఎల్లిపోతడు. ఫ్రాన్సు ఆవ వకీలు. తియ్యగ మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆఖరికి కరుస్తడు."

"జర్మనీ ఆవ?" అని ఎవరో ఒకరు కావాలని అడిగేవారు.

చిన్నప్ప నేల మీద ఉమ్మేసేవాడు. "గది ఆవనా? బెల్లంల పడి సచ్చిన ఆవ. పాలు మాన్పించే పోరగాళ్లకు నాకియ్యాలె."

ఆవాలు అమ్మే జహూర్ పరిస్థితి ఇంకా కనాకష్టం. అమీర్‌పేట సందు మొదట్లో ఆయన కిరాణా దుకాణం. చిన్నప్ప వచ్చి గోనెసంచి ముందు కూర్చుని, అరచేతిలో ఆవాలు పోసుకుని, ఒక్కొక్క గింజనూ వెలుతురులో పట్టి చూసేవాడు.

"భాయ్, ఆవాలు కొంటవా, ఆవాలతోని షాదీ చేస్కుంటవా?" అనేవాడు జహూర్.

"గీ గింజ మొఖం చూడు. ముడతలు వడ్డది. ముసల్ది."

"నా మొఖం సుత ముడతలు వడ్డది. నన్ను సుత ఏరి పారెయ్యి ఇగ!"

"నిన్ను పోపుల ఎయ్యం గద జహూర్ భాయ్."

జహూర్ తల పట్టుకునేవాడు. అయినా కొత్త సంచి విప్పితే మొదటి గుప్పెడు చిన్నప్ప చూసేదాకా ఎవరికీ తూచి ఇచ్చేవాడు కాదు. చిన్నప్ప ఒప్పుకున్న సరుకంటే పంజాగుట్ట నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవారని జహూర్‌కు తెలుసు.

చర్చిలో జరిగింది మరీ ఘోరం. పాదిరి సారయ్య అయ్యగారు ఆవగింజంత విశ్వాసం గురించి గంట సేపు ప్రసంగించి, సభ అంతా కళ్లు తుడుచుకునే స్థితికి తెచ్చి, "సహోదరులారా, ఎవరికైనా సందేహములున్నవా?" అని అడిగారు. అది ప్రసంగం ముగించే పద్ధతి. ఎవరూ నిజంగా అడగరు. చిన్నప్ప లేచి నిలబడ్డాడు.

"అయ్యగారు, గవి నల్లావాలా, ఎర్రావాలా, పచ్చావాలా?"

అయ్యగారు పుస్తకం తిరగేసి, మళ్లీ తిరగేసి, "గ్రంథములో రంగు చెప్పబడలేదు" అన్నారు.

"రంగు చెప్పకుండ గింజ సంగతి ఎట్ల చెప్తరు అయ్యగారు?" అని చిన్నప్ప దిగులుగా కూర్చున్నాడు. ఆ వారం సంఘంలో రక్షణ గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. రంగు గురించే మాట్లాడుకున్నారు.

ఊరందరినీ ఆదివారం, పండగపూట ఏడిపిస్తే, ప్రతిరోజూ ఏడిపించింది మాత్రం కృపామణిని. ఆమె పక్కింటావిడ. మధ్యన రొమ్ము ఎత్తు గోడ. భర్త కృపావరం రైల్వే కర్మాగారంలో ఫిట్టరుగా చేస్తూ జ్వరం వచ్చి పోయాడు. కూతురు సుమిత్రతో ఆమె బట్టలు కుట్టుకుంటూ, చర్చి విందులకు వంట చేస్తూ నెట్టుకొస్తోంది. ఒకరి ముందు చెయ్యి చాపే మనిషి కాదు. చిన్నప్ప భార్య అమృతమ్మ ఆసుపత్రిలో నర్సు. ఒక రోజు ఆమె గిన్నెడు బియ్యం పంపిస్తే, కృపామణి ఆ బియ్యం ఒక సంచిలో కట్టి, గిన్నెను నిమ్మకాయ పచ్చడితో నింపి, సాయంత్రానికి రెండూ తిరిగి పంపింది. మళ్లీ పంపే ధైర్యం అమృతమ్మకు రాలేదు.

పొద్దున ఎనిమిదింటికి గోడ మీద ముందు చెంచా కనిపించేది, తర్వాత చిన్నప్ప తల కనిపించేది.

"బిడ్డా, చెంచాడు."

కృపామణి పళ్లు బిగబట్టి ఒక చెంచాడు పప్పో కూరో వేసేది. చిన్నప్ప నోట్లో పెట్టుకుని ఆకాశం వైపు చూసేవాడు.

"ఇయ్యాల మూడో వంతు ఆవాలు పేలలే."

"లెక్కవెట్టినవా మామా?"

"వెట్టిన."

"పేలిన రెండు వంతులు తిను. పేలనివి ఉమ్మెయ్యి."

"కోపం మంచిదే బిడ్డా. ఆవకు సుత గదే కావాలె. నూనె ఇంకొంచెం కాగనియ్యి."

ఇది ఏడేళ్లు నడిచింది. ఏడేళ్లలో ఒక్క రోజు కూడా ఆయన బాగుందనలేదు. అరటికాయ ఆవ పెట్టిన కూర చేసిన రోజైతే గోడ దగ్గర బడే నడిచేది.

"ఆవను సల్లనీళ్లతోనే నూరాలె. నూరినంక జరసేపు ఒదిలెయ్యాలె, దాని కోపం దానికి రానియ్యాలె. కూర పొయ్యి మీదికెల్లి దించి, వేడి తగ్గినంక కలపాలె. తొందరపడ్డవా, చేదే."

"వండేది నేను, తినేది నా బిడ్డ. మధ్యల నీకెందుకు మామా ఫికర్?"

"నాకు ఆవ ఫికర్" అనేవాడు చిన్నప్ప.

అయినా మరుసటిసారి ఆమె చల్లనీళ్లతోనే నూరేది. ఎందుకంటే ఆ మనిషి నోరు మూయించడానికి అదొక్కటే మార్గం అనుకుంది. నోరు మూతపడలేదు. ఇంకో తప్పు దొరికింది.

1942 వచ్చేసరికి యుద్ధం అందరి వంటిళ్లలోకీ వచ్చేసింది. బిలాతు డబ్బాలు రావడం మానేశాయి. చిన్నప్ప పనిచేసే ఇంజినీరు దొర సైన్యంలో చేరి ఈజిప్టు వెళ్లిపోయాడు. చిన్నప్పకు ఒక గడియారం, ఒక మంచి ఉత్తరం మిగిలాయి. అమృతమ్మ జీతంతో ఇల్లు నడుస్తోంది గాని, యాభై అయిదేళ్ల మనిషి పొద్దస్తమానం ఇంట్లో కూర్చుంటే ఇంట్లోవాళ్లకు ఎంత కష్టమో ఆమెనే అడగాలి.

అదే ఏడాది కృపామణి అన్న జాన్‌బాబు మెదక్ దగ్గరి పల్లె నుంచి కబురు పెట్టాడు. "అక్కడ ఎన్ని దినాలుంటవు? వచ్చెయ్యి. సుమిత్ర నా పిల్లలను ఆడిస్తది." ఆ కబురు వెనక ఏముందో కృపామణికి తెలుసు. అక్కడ బడి లేదు. సుమిత్ర అప్పటికి అయిదో తరగతి. క్లాసులో మొదటిది. పల్లెకు పోతే ఆ చదువు అక్కడితో సరి.

సరిగ్గా అప్పుడే పంజాగుట్ట రాళ్ల మీదున్న మిషను ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి మొగిలయ్య చూపు మందగించి పని మానుకున్నాడు. ఆ పని దొరికితే ఉండడానికి గది ఇస్తారు, వంటమనిషి కూతురికి ఉచితంగా చదువు చెబుతారు. కృపామణి ఆ సంగతి విన్న రోజు రాగిసంకటి కూడా సరిగా తినలేదు. మరునాడే వెళ్లి సంఘపెద్ద రాజనర్సయ్యను కలిసింది. రాజనర్సయ్య పనిచేసి దిగిపోయిన రైలు గార్డు. ఆయన ఏది చెప్పినా పచ్చజెండా ఊపినట్టే చెప్పేవాడు.

"చూస్త గని, ఆడమనిషి ఎనభైమందికి వండుతదా అని హాస్టల్ నడిపే పెద్ద దొరసాని అనుమానపడ్తది. మన చిన్నప్ప ఖాళీగున్నడు గద. లండన్ బట్లరు! ఆయన వస్తనంటె వేరే ముచ్చట్నే లేదు. ఆయన రాకపోతె సికిందరాబాదుకెల్లి ఇంకో బట్లరును పిలిపిస్తం. నువ్వు సుత శనివారం రా, ఒక కూర వండి చూపియ్యి. అడిగిందానికి లేదనొద్దు గద."

మరునాడు కృపామణి గోడ వైపు చూసింది. అవతల చిన్నప్ప పాటలు పాడుతూ నల్లకోటుకు ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"మామా, శనివారం హాస్టల్‌కు పోతున్నవా?"

"పోతున్న బిడ్డా! రాజనర్సయ్య ఇంటికొచ్చి మరీ పిలిచిండు. ఎనభైమంది పిల్లలు. ఎన్ని ఆవాలు పడ్తయో లెక్క చేస్తున్న."

ఆమె ఇంట్లోకి వెళ్లిపోయింది. తనకు ఆ పని ఎంత అవసరమో ఈ మనిషికి తెలియదా? గోడకు ఇవతల ఏడేళ్లు చెంచాలు నాకిన మనిషి. ఆవాలు తప్ప ఇంకేదీ కనిపించని కళ్లు కాబోలు అనుకుంది. శనివారం దాకా మూడు రోజులూ పొద్దున ఎనిమిదింటికి తలుపు వేసుకుంది. గోడ మీద చెంచా కాసేపు నిలబడి దిగిపోయింది.

శనివారం హాస్టల్ వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. చిన్నప్ప పాలిష్ కొట్టిన బూట్లు, నల్లకోటు, జేబులో దొర ఇచ్చిన ఉత్తరం. కృపామణి చేతిలో ఎర్రటి మట్టిపాత్ర, మూత మీద గుడ్డ కట్టి ఉంది. లోపల అరటికాయ ఆవ పెట్టిన కూర. తెల్లవారుజామున లేచి చేసింది. ముందుగా చిన్నప్పను పిలిచారు. తలుపు తెరిచే ఉంది. కృపామణికి ప్రతి మాటా వినిపించింది.

లోపల పెద్ద దొరసాని, పాదిరి సారయ్య అయ్యగారు, రాజనర్సయ్య. పెద్ద దొరసాని ముప్పయ్యేళ్ల కిందట పుస్తకం చూసి తెలుగు నేర్చుకుంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఆమె నోట్లో ఉంది.

"నీవు లండను నగరమందు మూడు సంవత్సరములు నివసించితివట?"

"ఉన్న అమ్మగారు."

"మా దేశపు ఆవ నీకు మిక్కిలి ప్రియమని రాజనర్సయ్య చెప్పెను. రెండు సంవత్సరములుగా ఇక్కడకు ఒక్క డబ్బాయైనను వచ్చుట లేదు" అంది దొరసాని. ఆ మాటలో ఎంత ఆశ ఉందో వరండాలోని కృపామణికి కూడా తెలిసింది. పని అయిపోయింది. ఇక చిన్నప్ప రాజుగారి తుపాకుల కథ చెప్పడమే తరువాయి. కృపామణి మట్టిపాత్ర ఎత్తుకుని లేవబోయింది.

"మీ దేశం ఆవనా అమ్మగారు?" అన్నాడు చిన్నప్ప. "గది ఉత్త సున్నం. గోడకెయ్యాలె."

గదిలో ఎవరో దగ్గారు. రాజనర్సయ్య అయి ఉంటాడు.

"ఆవంటె జర్మనీదే! జర్మనీవాళ్లంత మంచి ఆవ లోకంల ఎవ్వరు చెయ్యలే, చెయ్యలేరు. హాస్టల్ల నేనుంటె పొద్దున్నే పిల్లలందరికి జర్మనీ తీరుగ చేసిన ఆవనే. అప్పుడే గట్టిపడ్తరు."

ఆ హాస్టల్లో ప్రతి సాయంత్రం ఆరింటికి గంట కొట్టి, యుద్ధంలో జర్మనీ ఓడిపోవాలని ఎనభైమంది ఆడపిల్లలూ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తారు. ఆ గంట పెద్ద దొరసాని నెత్తి మీదే వేలాడుతోంది.

"నీవు ఏ దేశమని చెప్పితివి?" అంది దొరసాని, చాలా నెమ్మదిగా.

"జర్మనీ అమ్మగారు. మీకు జర చెవుడున్నదా?"

అయ్యగారి గొడుగు కింద పడింది. రాజనర్సయ్య లేచి, "ఆయనకు ఒంట్ల మంచిగ లేదమ్మగారు, నిన్న ఎండల తిరిగిండు" అంటూ చిన్నప్ప భుజం పట్టుకున్నాడు. చిన్నప్ప ఆ చెయ్యి విదిలించుకుని ఇంకో రెండు వాక్యాలు జర్మనీ వంటను పొగిడి గాని బయటికి రాలేదు. వచ్చాక కృపామణి వైపు కూడా చూడలేదు. బూట్లు టకటకలాడిస్తూ గుట్ట దిగిపోయాడు.

కృపామణి నోరు తెరుచుకుని చూస్తూ ఉండగానే ఆమెను పిలిచారు. భయపడడానికి కూడా సమయం చిక్కలేదు. దొరసాని ముఖం ఎర్రగా ఉంది. మాట్లాడకుండా కూర చెంచాడు తీసుకుంది. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది, చేతిగుడ్డ తీసింది. ఇంకో చెంచాడు తీసుకుంది. తర్వాత పాత్రనే తన వైపు జరుపుకుంది. అయ్యగారికి రుచి చూసే అవకాశం ఆ రోజు దొరకలేదు.

"ఎనిమిది పదుల మందికి ఇట్లే వండగలవా?"

"వండుత అమ్మగారు."

"ఈ లండన్ బట్లర్లను నమ్మొద్దమ్మగారు" అన్నాడు రాజనర్సయ్య చెమట తుడుచుకుంటూ. "సికిందరాబాదు ఆలోచన సుత ఒద్దు ఇగ. ఆడమనిషే నయం."

పని దొరికింది. గది దొరికింది. సుమిత్రకు బడి దొరికింది. అయితే చిన్నప్ప పేరు మాత్రం పోయింది. సోమవారానికల్లా అమీర్‌పేట అంతా ఆయన "జర్మనీ చిన్నప్ప" అయిపోయాడు. పిల్లలు ఆయనను చూసి కాళ్లు చాచి కవాతు చేశారు. జహూర్ దుకాణానికి ఒక పోలీసు జవాను వచ్చి, "గీ చిన్నప్ప దగ్గర వైర్‌లెస్ ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"వైర్‌లెస్ లేదు సాబ్, చెంచా ఉన్నది" అన్నాడు జహూర్. "దాంతోని జర్మనీకి ఖబర్ పోతదంటె పట్టుకపోండ్రి. నాకు జర నిమ్మళమైతది."

కృపామణికి ఆ వారమంతా నిద్ర పట్టలేదు. బెల్లంలో పడి చచ్చిన ఆవ అన్న మనిషి, పాలు మాన్పించే పిల్లలకు నాకించమన్న మనిషి, సరిగ్గా ఆ దొరసాని ముందే ఎలా మాట మార్చాడు? హాస్టల్‌కు సామాను చేరవేసే రోజు ఉండబట్టలేక గోడ అవతలికి వెళ్లింది. చిన్నప్ప ఇంట్లో లేడు. ఆమె గొంతు విని పెరటి తలుపున జారుకున్నాడని అమృతమ్మే చెప్పింది.

"అత్తా, మామ ఎందుకు గట్ల మాట్లాడిండు?"

అమృతమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు. "మరేం జెయ్యాలె? ఆయన ఒద్దంటె సికిందరాబాదుకెల్లి ఇంకొకన్ని తెస్తరు. 'నీకోసమే నేను ఒద్దన్న' అంటె నువ్వు ఆ పనే ఒద్దంటవు. బియ్యం గిన్నె వాపస్ పంపినదానివి నువ్వు, నాకెర్క లేదా? అందుకే పోయి ఓడిపోయొస్త అన్నడు. ఎట్ల ఓడిపోతవయ్యా, నీకు వంటొస్తది గద అన్న. 'వంటల ఓడిపోను, నాకు మనసొప్పది. ముచ్చట్ల ఓడిపోత' అన్నడు. మూడు దినాలు అద్దం ముందర నిలవడి జర్మనీ ఆవను పొగుడుడు నేర్చుకున్నడు. మొదటి దినం నోట మాట రాక అన్నం సుత తినలే."

కృపామణి గోడకు చేరగిలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత అద్దం ముందు ముఖం చిట్లించుకుని జర్మనీని పొగుడుతున్న చిన్నప్పను తలుచుకుని నవ్వింది. ఏడేళ్లు ఆయన మీద పడ్డ కోపమంతా గుర్తొచ్చి సిగ్గుపడింది. తన చేతికి అంత పనితనం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

హాస్టల్లో చేరిన నెలకు పెద్ద దొరసాని వంటింట్లోకి వచ్చి, "ఈ ఆవ విద్య నీకు ఎవరు నేర్పిరి?" అని అడిగింది.

కృపామణి అబద్ధమాడలేదు. "ఆ జర్మనీ ఆయనే అమ్మగారు" అని, గోడ కథ నుంచి అద్దం కథ దాకా అంతా చెప్పింది. చెప్పి, పని పోతే పోనీ అని నిలబడింది.

దొరసాని చాలాసేపు కిటికీలోంచి పంజాగుట్ట రాళ్ల వైపు చూసింది. భుజాలు కదులుతుంటే కృపామణి భయపడింది. దొరసాని ఇటు తిరిగేసరికి నవ్వుతోంది.

"ప్రతి శుక్రవారము అతనిని భోజనమునకు పిలువుము. వంట పరీక్షించునది అతడే" అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "అయితే నా యెదుట నోరు తినుటకు మాత్రమే తెరవవలెనని చెప్పుము."

మొదటి శుక్రవారం చిన్నప్ప వచ్చాడు. దొరసాని ఎదుట పీట మీద కూర్చుని, నోరు మూసుకుని తిన్నాడు. కృపామణి ఆ రోజు ప్రాణం పెట్టి వండింది. ఒక్క ఆవగింజకూ వంక పెట్టే వీలు లేదు. చిన్నప్ప కూర తిన్నాడు, చారు తాగాడు, మజ్జిగ పోసుకున్నాడు. ఆయన ముఖం అంతకంతకూ వాడిపోయింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, "అంత మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు. అంత దిగులుగా ఆ మాట ఎవరూ అని ఉండరు. గుట్ట దిగుతుంటే నడక కూడా నెమ్మదించింది.

ఆ నడకను కృపామణి గుమ్మంలో నిలబడి చూసింది. మరుసటి శుక్రవారం పిల్లల వంటంతా ముగించి, చిన్నప్ప కోసం వేరే చిన్న గిన్నెలో పప్పు తీసి, దానికి విడిగా పోపు పెట్టింది. నూనె కాగకముందే ఆవాలు వేసి, సగం పేలకుండానే దించేసింది.

చిన్నప్ప ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగింది. కళ్లు ఆకాశం వైపు లేచాయి. ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. దొరసాని ఉందని నోరు తెరవలేదు గాని, చెయ్యి కడుక్కునే దగ్గర కృపామణిని పట్టుకున్నాడు.

"బిడ్డా! సగం పేలలే! ఏడేళ్లు చెప్పిన, గాలికి చెప్పినట్టయింది! నూనె కాగాలె, కాగాలె!"

"మరిచిన మామా. వచ్చే శుక్రవారం చూస్కుంట."

"నువ్వేం చూస్తవు! నేనే వచ్చి చూడాలె" అని చిన్నప్ప ఛాతీ విరుచుకుని, చిన్నపిల్లాడిలా గుట్ట దిగి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆ గిన్నెలో ఒక తప్పు తప్పనిసరి. ఒక వారం ఆవాలు మాడ్చేది, ఒక వారం వేడినీళ్లతో ఆవ నూరేది. అంత జాగ్రత్తగా తప్పు చేయడం సరిగ్గా వండడం కన్నా కష్టమని ఆమెకు తెలిసివచ్చింది. అయినా మామను మోసం చేస్తున్నానేమోనని మనసులో ఓ మూల ముల్లులా ఉండేది. ఒకసారి అమృతమ్మ కనిపిస్తే నెమ్మదిగా అడిగింది.

"అత్తా, మామకేమన్న అనుమానం వచ్చిందా?"

"అనుమానమా? మొదటి దినమే ఎర్కైంది ఆయనకు" అంది అమృతమ్మ నవ్వుతూ. "ఇంటికొచ్చి నెత్తి కొట్టుకున్నడు. 'పాపం పిల్ల, నాకోసం తప్పు చేస్తున్నదే. గా తప్పన్న సక్కగ చేస్తదా, గది సుత రాలే దానికి. ఇంకో ఏడేండ్లు నేర్పాలె' అన్నడు."